ఒక నదిని కాపాడిన తెప్పలు

నదిని దాటుట వేరు. నదితో కూడ పోవుట వేరు. దాటువాడు ఆవలి యొడ్డునే చూచును. నదితో పోవువానికి ప్రవాహమే త్రోవ, ప్రవాహమే తోడు, ఒక్కొక్కప్పుడు ప్రవాహమే పగ. కొండల నడుమ బండలపై విరిగి, నురుగులు క్రక్కుచు దుముకు నీటిలో, గాలి నింపిన రబ్బరు తెప్పపై కూర్చుండి తెడ్లతో సాగిపోవు సాహసక్రీడ నేడు పలు దేశములలో వ్యాపించి యున్నది. దానిని పడుచువారి వినోదమని త్రోసివేయుట సులభము. కాని అట్టి తెప్పపై ఇద్దరు మనుష్యులు చేసిన ప్రయాణముతో మొదలై, ఒక దేశపు ఎన్నికల దాకను, అత్యున్నత న్యాయస్థానము దాకను పోయి, తుదకు ఒక నదిని నదిగా నిలిపిన వృత్తాంత మొకటి కలదు. అది ఆస్ట్రేలియాకు దక్షిణమున నున్న టాస్మేనియా ద్వీపమున జరిగినది. ఆ నది పేరు ఫ్రాంక్లిన్.

ఫ్రాంక్లిన్ పెద్ద నది కాదు. ద్వీపపు నడిమి కొండలలో పుట్టి, సుమారు 129 కిలోమీటర్లు పారి, గోర్డన్ అను నదిలో కలియును. గోర్డన్ నది పడమటి తీరమున నున్న మక్వారీ హార్బరులో పడును. అది వానలు మెండుగా కురియు సీమ. అడవులలోని ఆకు అలములు ఊరుటచేత ఫ్రాంక్లిన్ నీరు తేనీటి రంగున నుండును. గట్టి వాన కురిసినచో ఒక్క రాత్రిలో నది కొన్ని మీటర్ల యెత్తు పొంగును. దాని నడిమి భాగమున మహాలోయ యని పేరుపడిన ఇరుకు త్రోవ కలదు. అందలి ఉరవడులకు తెప్పలవారు పెట్టిన పేర్లలో ఒకదాని కర్థము కవ్వము, మరియొకదాని కర్థము కాగు. ఆ పేర్లను వినినచో అక్కడి నీటి తీరు మనకు చెప్పకయే తెలియును. అంతకు ఎగువన మరొక లోయ నిశ్చలమైన నీటితో నిండి యుండును. దానికి గ్రీకు మాటలతో శాంతి అగాధమను అర్థము వచ్చు పేరు పెట్టినారు.

నదికి పేరు వచ్చినది సర్ జాన్ ఫ్రాంక్లిన్ వలన. 1837 మొదలు 1843 వరకు ఆయన ఆ ద్వీపమునకు పాలకుడు. 1842లో భార్య జేన్‌తో కూడ అడవిదారిని పడమటి తీరమునకు పోవుచు, వానలలో చిక్కుకొని, ఆయన ఈ నదిని దాటెను. దాటెనే కాని దానితో పోలేదు. నదితో మొదట పరిచయము చేసికొన్నవారు కట్టెకొట్టువారు. అక్కడి యొడ్డులలో హ్యూన్ పైన్ అను వృక్షము పెరుగును. దానిలో రెండువేల యేండ్లు దాటి బ్రతికిన చెట్లున్నవి. ఆ కలపలోని తైలము వలన అది నీటిలో కుళ్లదు. పచ్చిగా నున్నను తేలును. ఓడల పనికి అంతకంటె మేలైన కలప లేదని పేరు. 1822లో మక్వారీ హార్బరులోని సారా దీవిలో ఖైదీల శిబిరము వెలసిన నాటి నుండి ఆ కలప కొరకు మనుష్యులు నదుల దిగువ భాగములలోనికి పడవలు లాగుకొని పోయిరి. దుంగలు నరికి, వరదలో వదలి, దిగువన పోగుచేసికొనిరి. మహాలోయ మాత్రము వారికి అందలేదు.

నది పొడవున తొలిసారి సాగిపోవుటకు ఇరువదవ శతాబ్దము నడుమ వరకు ఎవరికిని సాధ్యము కాలేదు. 1951లో కొందరు మిత్రులు చిన్న దోనెలతో పూనుకొని విఫలులైరి. పట్టు విడువక మరల యత్నించి, 1958–59 వేసవిలో నలుగురు ఆ కార్యము నెరవేర్చిరి. వారిలో ట్రెవర్ న్యూలాండ్ అను నాతని పేరు నేటికిని ఒక ఉరవడికి నిలిచి యున్నది. వారు వెళ్లినది నదిని కాపాడుటకు కాదు, చూచుటకు. చూచినవారు లేని నదికి సాక్షులు లేరు. సాక్షులు లేనిదానికి వ్యాజ్యమున గెలుపు లేదు.

ఈ మాట ఎంత నిజమో తెలియుటకు ప్రక్కనున్న పెడ్డర్ సరస్సు కథ చెప్పవలెను. గులాబి రంగు ఇసుక తిన్నెతో నుండిన ఆ సరస్సును, విద్యుత్తు కొరకు కట్టిన ఆనకట్టల నీటిలో ముంచుటకు 1967లో ప్రభుత్వము నిశ్చయించెను. దాని పక్షమున నిలిచినవారిలో ఒలేగాస్ ట్రూకానాస్ ఒకడు. అతడు యుద్ధానంతరము లిథువేనియా నుండి వలస వచ్చినవాడు. చిత్రమేమనగా, అతడు ఆ ఆనకట్టలు కట్టు జలవిద్యుత్ కమిషన్‌లోనే ఉద్యోగి. 1958లో ఒంటరిగా చిన్న దోనెపై గోర్డన్ నదిని ఈది వచ్చినవాడు. యేండ్ల తరబడి తీసిన అతని ఛాయాచిత్రములు 1967 నాటి కార్చిచ్చులో ఇంటితో సహా కాలిపోయెను. అతడు మరల కొండలెక్కి, మరల చిత్రములు తీసి, హోబార్టు పురమందిరమున జనులకు చూపెను. ఫలితము లేకపోయెను. 1972లో సరస్సు మునిగెను. ఆ యేటనే జనవరిలో, గోర్డన్ నదిని చిత్రించుటకు పోయిన ట్రూకానాస్ ఆ నీటిలోనే ప్రాణము విడిచెను. అతని దేహమును కనుగొన్నది అతని శిష్యుడు పీటర్ డాంబ్రోవ్‌స్కిస్. ఈ పేరు గుర్తుంచుకొనవలెను.

ఇక ఆ ఇద్దరు మనుష్యుల సంగతి. పాల్ స్మిత్ అటవీశాస్త్రము నెరిగినవాడు. బాబ్ బ్రౌన్ లాన్సెస్టన్ పట్టణమున వైద్యుడు. 1976లో స్మిత్ పిలువగా బ్రౌన్ వెళ్లెను. చెరియొక చిన్న రబ్బరు తెప్ప. తిండి, గుడారము దానిపైననే. దినముల తరబడి నీటి ఘోష తప్ప మరియొక మాట వినరాలేదు. ప్రయాణము ముగియవచ్చు వేళ గోర్డన్ నదిలో ఒక మలుపు తిరుగగా, బండలు తొలుచు యంత్రముల రొద వినవచ్చెను. కమిషన్ వారు కొత్త ఆనకట్టకై స్థలపరీక్ష చేయుచుండిరి. శబ్దములతోనే కాలము గడుపు మాకు ఈ ఘట్టము వినిన ప్రతిసారి మనసున నాటుకొనును. ఒక మలుపునకు ఈవల నొక శబ్దము, ఆవల నొక శబ్దము. వాని నడుమ నొక వైద్యుని జీవితము దారి మారెను. ఆ యేడే టాస్మేనియన్ వైల్డర్నెస్ సొసైటీ అను సంఘము బ్రౌన్ ఇంట పుట్టెను.

1979లో కమిషన్ తన సంకల్పమును వెల్లడించెను. రెండు నదుల సంగమమునకు దిగువన గోర్డన్‌పై ఆనకట్ట. 180 మెగావాట్ల విద్యుత్తు. ఫ్రాంక్లిన్ నది దిగువ లోయలు జలాశయము పాలు. ఇచట మన పాఠకుల మనసున నొక ప్రశ్న మెదలక మానదు. ధవళేశ్వరపు ఆనకట్ట వలన అన్నము తిన్న సీమవారము. ఆనకట్ట మనకు శత్రు వెట్లగును? న్యాయమైన ప్రశ్నయే. టాస్మేనియా వాసులును అట్లే తలచిరి. ఆ ద్వీపమున దీపము వెలిగినదియు, కర్మాగారము నడచినదియు జలవిద్యుత్తు వలననే. పనులు లేని కాలమున ఆనకట్ట యనగా వేల కుటుంబములకు కూలి. కనుక పోరు మంచివారికిని చెడ్డవారికిని నడుమ కాదు. ఇదివరకే పలు నదులపై ఆనకట్టలు కట్టిన ద్వీపమున, మిగిలిన ఒక నదిని దానంతట దానిని పారనీయవచ్చునా అనునదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు బలము మరియొక దిక్కునుండి వచ్చెను. నది దిగువ యొడ్డున 1977లో కనుగొనబడిన గుహ యొకదానిని 1981లో పురాతత్త్వజ్ఞులు పరిశీలించిరి. రాతి పనిముట్లు, వాలబీ యను చిన్న కంగారూ జంతువుల యెముకలు, నిప్పుల బూడిద గుట్టలుగా బయటపడెను. సుమారు 20,000 యేండ్ల క్రిందట, మంచుయుగమున, భూమిపై దక్షిణపు కొసన బ్రతికిన మానవుల నివాస మది. ఎవరును లేని అడవి యని అందరు తలచిన చోట ఆదిమవాసుల పొయ్యి కనబడెను. ఆ కుటికినా గుహ 1995లో టాస్మేనియా ఆదిమవాసులకు తిరిగి దక్కెను. నీరు నిలిచి యున్నచో ఆ చరిత్ర పుట తెరువకయే తడిసి పోయెడిది.

1981 డిసెంబరులో ప్రభుత్వము జనాభిప్రాయము కోరెను. ఓటు పత్రముపై రెండు ఆనకట్టల పేర్లున్నవి కాని, ఆనకట్ట వలదను మాటకు చోటు లేదు. మూడింట ఒకవంతు ఓటర్లు ఆ మాటను తమ చేతితోనే పత్రముపై వ్రాసిరి. చెల్లని ఓట్లు మొత్తముపై నూటికి సుమారు 45 వచ్చెను. అయినను సంకల్పము ఆగలేదు. 1982 డిసెంబరు 14వ తేదీన ఆ యడవి సీమ ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటింపబడెను. అదే దినమున స్ట్రాహన్ అను రేవు పట్టణము ఆధారముగా నిరోధము మొదలయ్యెను. బుల్డోజరును మోసికొని వచ్చు బల్లకట్టునకు అడ్డముగా రబ్బరు తెప్పలు బారులు తీరెను. కయ్యము లేదు, తెప్పలపై మనుష్యులు కదలక కూర్చుండిరి. 1200 మందికి పైగా అరెస్టయిరి. 19 దినములు చెరనుండి వెలువడిన బ్రౌన్, 1983 జనవరి ఆరంభమున టాస్మేనియా శాసనసభలో సభ్యుడై కూర్చుండెను.

దేశపు ఎన్నికలు 1983 మార్చి 5న జరిగెను. వానికి ముందు ఒక పూర్తి పుట వర్ణచిత్రము పెద్ద పత్రికలలో వెలువడెను. తెల్లవారు మంచు, నల్లని నీరు, నడుమ నొక రాతి దీవి. ఈ నదిని నాశనము చేయు పక్షమునకు మీరు ఓటు వేయగలరా యని క్రింద నొక ప్రశ్న. చిత్రకారుడు డాంబ్రోవ్‌స్కిస్. గురువు ఓడిన చోట శిష్యుని చిత్రము గెలిచెను. ఆ దినములలో ఫ్రాంక్లిన్‌ను పారనీయుడను పాట యొకటి రేడియోలలో మారుమ్రోగెను. బాబ్ హాక్ నాయకత్వమున గెలిచిన కొత్త ప్రభుత్వము ఆనకట్టను నిషేధించు చట్టము చేసెను. రాష్ట్ర విషయమున కేంద్రమునకు అధికారము లేదని టాస్మేనియా న్యాయస్థానమున వాదించెను. ప్రపంచ వారసత్వ ఒడంబడికపై సంతకము చేసిన దేశము దానిని పాటించుటకు చట్టము చేయవచ్చునని 1983 జూలై 1న తీర్పు వచ్చెను. ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు ఒక వైపు, ముగ్గురు మరియొక వైపు. ఒక్క మనుష్యుని అభిప్రాయము మారినచో నేడు ఆ లోయలు నీటి యడుగున నుండెడివి.

కథ ఇచటనే ముగిసినచో సుఖముగా నుండెడిది. కాని కాపాడిన నదికి కొత్త చిక్కొకటి వచ్చెను. అది కాపాడినవారి ప్రేమయే. పేరు వినినవారు తెప్పలు కట్టుకొని రాసాగిరి. నదికి మాత్రము పేరుప్రతిష్ఠల తెలివి లేదు. అనుభవము లేనివారిని అది క్షమింపదు. కొందరు ప్రాణములు కోల్పోయిరి. 2024 నవంబరులో ఒక యాత్రికుని కాలు బండల నడుమ చిక్కుకొని, నీటిలో సుమారు 20 గంటలు గడచిన పిదప ఆ కాలు తీసివేసి అతని ప్రాణము దక్కించవలసి వచ్చెను. మనుష్యుని వలన నదికి గలుగు హానియు తక్కువది కాదు. చెట్ల వేళ్లను కుళ్లించు ఒక తెగులు చెప్పుల అడుగుల బురదతోనే ఒక కొండనుండి మరియొక కొండకు పోవును. అందుచేత బయలుదేరుటకు ముందే చెప్పులు, గుడారములు, తెప్పలు కడిగి ఆరబెట్టుకొనవలెను. ఆ యడవులలో చాల భాగమున కట్టెల మంట నిషిద్ధము. వంటకు చిన్న స్టవ్వు వెంట తీసికొని పోవలెను. తెచ్చిన డబ్బా, చిత్తుకాగితము తిరిగి మోసికొని రావలెను. సబ్బు నీరు నదిలో కలుపరాదు.

ఇవి చిన్న పనులు. వీనికి బిరుదులు లేవు, వార్తాపత్రికలలో చిత్రములు రావు. న్యాయస్థానము ఆనకట్టను ఆపగలదు కాని, ఒక యాత్రికుడు తన చెప్పుల బురదను కడుగునో కడుగడో చూడజాలదు. 1983లో నది పక్షమున నలుగురు న్యాయమూర్తులు నిలిచిరి. అటుపిమ్మట ఆ వ్యాజ్యము తెప్ప దిగు ప్రతివాని యెదుటను ప్రతి వేసవిలో మరల విచారణకు వచ్చుచున్నది. తీర్పు చెప్పవలసినవాడు ఆ తెప్పవాడే.