గినీ దేశంలో వైరస్ జన్యులిపి పఠనం

పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశపు అడవి ప్రాంతంలో వ్యాపించిన ఒక జ్వరం ఎబోలా అని 2014 మార్చిలో తేలినది. 2016 నాటికి గినీ, సియెర్రా లియోన్, లైబీరియా దేశాలలో 28,600 మందికి పైగా ఆ వ్యాధి సోకగా, 11,300 మందికి పైగా మరణించినారు.

ఎబోలా వైరస్ జన్యుపదార్థం ఆర్.ఎన్.ఏ. దానిలో సుమారు 19,000 న్యూక్లియోటైడులు ఒక వరుసలో ఉండును. వైరస్ ఒకరినుండి ఒకరికి సోకుచుండగా ఆ వరుసలో అక్కడక్కడ మార్పులు కలుగును. తాళపత్ర ప్రతులలోని లేఖకుల తప్పులను పోల్చి ఏది దేనికి నకలో పండితులు గుర్తించినట్లు, ఈ మార్పులను పోల్చి వ్యాధి ఏ దారిన వచ్చినదో శాస్త్రజ్ఞులు గుర్తింతురు.

2014లో సియెర్రా లియోన్‌లోని కెనెమా ఆసుపత్రి నమూనాలను చదువుటకు అమెరికాకు పంపవలసి వచ్చినది. 78 మంది రోగులనుండి 99 జీనోములు లభించినవి. వ్యాధి మనిషినుండి మనిషికి పాకుచున్నదని అవి తెలిపినవి. ఆ పరిశోధన ఆగస్టులో అచ్చగులోగా దాని రచయితలలో ఐదుగురు ఎబోలాకే బలియైనారు. కెనెమా వైద్యుడు షేక్ హుమార్ ఖాన్ వారిలో ఒకడు.

నమూనాలు సముద్రాలు దాటి వెళ్ళి ఫలితాలు తిరిగి వచ్చులోగా వ్యాధి మరికొన్ని గ్రామాలకు పాకవచ్చును. ఈ ఆలస్యాన్ని తగ్గించుటకు 2015లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మినయాన్ అను యంత్రాన్ని గినీకి తెచ్చినారు. దాని బరువు 100 గ్రాముల లోపు. మొత్తం సరంజామా 50 కిలోగ్రాముల లోపుగా, విమాన ప్రయాణికుల మామూలు సామానులోనే వచ్చినది.

ఇందులో ఒక పలుచని పొరకు అతి సూక్ష్మమైన రంధ్రాలుండును. వాటిగుండా విద్యుత్తు ప్రవహించును. వైరస్ ఆర్.ఎన్.ఏ.కు డి.ఎన్.ఏ. నకళ్ళు తీసి, ఆ పోగులను రంధ్రాలగుండా పంపుదురు. దూరుచున్న అక్షరాలనుబట్టి విద్యుత్తు హెచ్చుతగ్గులగును. ఆ హెచ్చుతగ్గులనే కంప్యూటరు అక్షరాలుగా మార్చును. ఈ విధంగా 142 నమూనాలు చదివినారు. కొన్నిటి ఫలితాలు నమూనా అందిన 24 గంటల లోపే వచ్చినవి.

యంత్రం చిన్నదైనను ఇబ్బందులు చిన్నవి కావు. కరెంటు నిలకడగా ఉండదు. ఇంటర్నెట్ మందకొడిగా నడచును. రసాయనాలు విదేశాలనుండి చల్లగా రావలెను. అన్నిటికంటె ముఖ్యంగా, వచ్చిన శాస్త్రజ్ఞులు తిరిగి వెళ్ళిన తరువాత పని సాగించుటకు స్థానికులు శిక్షణ పొంది ఉండవలెను.

2021 ఫిబ్రవరిలో గినీలో ఎబోలా మరల తలయెత్తినది. ఈసారి రాజధాని కొనాక్రీలోను, పొరుగుదేశమైన సెనెగల్‌లోని డాకర్‌లోను జీనోములు చదివినారు. ఫ్రాన్సు, జర్మనీ శాస్త్రజ్ఞులు సహకరించినారు. మార్చిలోనే ఆశ్చర్యకరమైన సంగతి బయటపడినది. కొత్త వైరస్‌కు, 2014-15 నాటి వైరస్‌కు భేదాలు బహు కొద్ది. ఐదేండ్లు మనుషులలో పాకుచునే ఉన్నచో ఇంకను ఎన్నో మార్పులు రావలసి ఉండెను. వ్యాధినుండి కోలుకొన్న ఒకరి శరీరంలో వైరస్ ఏండ్లపాటు అణగియుండి, మరల సోకినదని శాస్త్రజ్ఞులు భావించినారు.

కోలుకొన్నవారిని వెలివేయక, వారికి దీర్ఘకాలం వైద్యసహాయం అందించవలెనని దీనివలన స్పష్టమైనది. యంత్రాన్ని విమానంలో ఒక్కరోజులో తేవచ్చును. దానితో పనిచేయగల వారిని తయారుచేయుటకు సంవత్సరాలు పట్టును. 2021లో గినీకి అక్కరకు వచ్చినది ఆ శిక్షణయే.