దుకాణం లెక్కలకు ఉచిత సాఫ్ట్‌వేర్: చిన్న వ్యాపారులు తెలుసుకోవాల్సిన విషయాలు

రెండేళ్ల కింద, రంజాన్ సీజన్‌కి ముందు, మా మామూ బట్టల దుకాణంలో కంప్యూటర్ ఒక పొద్దున ఆన్ చేస్తే ఒక్క ఫైల్ కూడా తెరుచుకోలేదు. డబ్బులు కడితేనే ఫైళ్లు తెరుస్తామని స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఒక నోటు. అందులో మూడేళ్ల ఉద్దెర ఖాతా ఉంది. అంతకుముందు కంప్యూటర్ ఫార్మాట్ చేసిన మెకానిక్ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ "ఫ్రీగా" వేసిచ్చాడు. అది క్రాక్ కాపీ. వైరస్ అందులోంచే వచ్చిందని తర్వాత చూసిన ఇంకో మెకానిక్ చెప్పాడు. బాకీ ఉన్నవాళ్లలో కొందరు తమంతట తామే వచ్చి కట్టారు. మిగతాది పోయింది.

నేను బీకాం చదివిన మనిషిని. అయినా ఆ దుకాణంలో కూర్చుని చాయ్ తాగినన్ని రోజులూ "బ్యాకప్ ఉందా మామూ?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పిన సాఫ్ట్‌వేర్‌లకు ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు.

ఫ్రీ వేరు, క్రాక్ వేరు

క్రాక్ అంటే డబ్బులు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌కి తాళం పగలగొట్టి ఇచ్చిన కాపీ. అది చట్టవిరుద్ధం. దాంట్లో ఇంకా ఏం కలిపారో మనకు తెలియదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అలాంటిది కాదు. తయారుచేసినవాళ్లే అందరూ వాడుకోవచ్చని లైసెన్స్ ఇస్తారు, వ్యాపారానికైనా సరే.

మూడో రకం కూడా ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఇంట్లో వాడుకుంటే ఫ్రీ, దుకాణంలో వాడితే డబ్బులు కట్టాలి. ఇన్‌స్టాల్ చేసే ముందు ఈ విషయం చూసుకోండి. ఏదైనా సరే దాని సొంత వెబ్‌సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయండి.

ఉద్దెర ఖాతాకు లిబ్రె ఆఫీస్

లిబ్రె ఆఫీస్ 2010 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ ఆఫీస్ ప్యాకేజీ. ఇందులో ఉత్తరాలు, బిల్లులు రాయడానికి రైటర్, లెక్కలకు క్యాల్క్ ఉంటాయి. క్యాల్క్ ఫైల్‌ని ఎక్సెల్ ఫార్మాట్‌లో కూడా సేవ్ చేయొచ్చు కాబట్టి మీ ఆడిటర్‌కి పంపడానికి ఇబ్బంది ఉండదు.

చాలా మంది చేసే పొరపాటు ఒక్కో గిరాకీకి ఒక్కో షీట్ పెట్టడం. యాభై మంది అయ్యేసరికి వెతకలేక వదిలేస్తారు. అలా కాకుండా మొదటి షీట్‌లో అన్నీ వరసగా రాయండి: తేదీ, గిరాకీ నంబర్, పేరు, వివరం, బాకీ, జమ. నంబర్ ఎందుకంటే "అహ్మద్ భాయ్" అని ఒకసారి, "అహ్మద్" అని ఇంకోసారి రాస్తే కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు అవుతారు.

ఉదాహరణకు 27వ నంబర్ గిరాకీ 3వ తేదీన రూ. 2,400 బట్టలు తీసుకున్నాడు, 10న రూ. 1,000 కట్టాడు, 18న మళ్లీ రూ. 650 సామాను తీసుకున్నాడు. రెండో షీట్‌లో గిరాకీల జాబితా పెట్టి సమ్‌ఇఫ్ అనే ఫార్ములా రాస్తే, 27 నంబర్ ఉన్న వరసల్లో బాకీలన్నీ కూడి 3,050 చూపిస్తుంది. జమలకు కూడా అదే ఫార్ములా రాస్తే 1,000 వస్తుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే రావాల్సింది రూ. 2,050. ఒక్కసారి రాసిపెట్టుకుంటే తర్వాత దానంతట అదే లెక్క తేలుతుంది. అంకెల గడిలో "రూ." అని టైప్ చేయకండి, అంకె మాత్రమే రాయండి. లేకపోతే అది కూడికలోకి రాదు.

ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టే సౌకర్యం ఉంది. కానీ మరిచిపోతే కంపెనీకి ఫోన్ చేసి అడిగే వీలుండదు. ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి.

సరుకు, బ్యాంకు, అప్పులు అన్నీ డెబిట్-క్రెడిట్ పద్ధతిలో రాయాలనుకునేవారికి గ్నూక్యాష్ అనే ఓపెన్ సోర్స్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. అయితే అది జీఎస్టీ రిటర్న్ వేయదు. చిన్న దుకాణానికి క్యాల్క్ సరిపోతుంది.

బిల్లు, జీఎస్టీ

సరుకు అమ్మే వ్యాపారం రాష్ట్రం లోపలే చేస్తే, తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. సేవలకు రెండు చోట్లా 20 లక్షలే. కొన్ని రకాల వ్యాపారాలకు ఈ మినహాయింపు ఉండదు కాబట్టి ఆడిటర్‌ని అడగండి. రిజిస్ట్రేషన్ లేనివారు బిల్లులో జీఎస్టీ అని వేసి వసూలు చేయకూడదు.

రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు నంబర్ వరసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఒకే ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. అంటే ఆరేళ్లు. ఒక ఫోన్‌లోనో, ఒక కంప్యూటర్‌లోనో ఉన్న లెక్క ఆరేళ్లు నిలుస్తుందని ఎవరు హామీ ఇస్తారు? జీఎస్టీ పోర్టల్‌లో రిటర్న్ తయారుచేసుకునే ఆఫ్‌లైన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది.

ఇంకో మాట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. ఫీజు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు.

తెలుగు, ఉర్దూ ఒకే కాగితం మీద

పాత డీటీపీ ఫాంట్లలో చేసిన రేటు లిస్టు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైప్ చేస్తే ఆ బాధ తప్పుతుంది. గూగుల్ నోటో ఫాంట్లలో తెలుగుకీ, ఉర్దూ నస్తాలీఖ్‌కీ ఉచిత ఫాంట్లు ఉన్నాయి. లిబ్రె ఆఫీస్ రైటర్‌లో ఎడమ నుంచి కుడికి తెలుగు, కుడి నుంచి ఎడమకు ఉర్దూ ఒకే పేజీలో రాయొచ్చు. పూర్తయ్యాక పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపితే అక్షరాలు చెదరవు.

వాట్సాప్ బిజినెస్, క్యూఆర్ కోడ్

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. సరుకు ఫొటోలు, ధరలతో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. "డబ్బులు రావాలి" అని లేబుల్ వేసుకోవచ్చు. దుకాణం మూసిన టైంలో వచ్చే మెసేజ్‌లకు అదే జవాబిస్తుంది. సిమ్ మాత్రం యజమాని పేరు మీదే ఉండాలి. పనిచేసే కుర్రాడి సిమ్‌తో మొదలుపెడితే అతను మానేసిన రోజు గిరాకీలు కూడా అతనితో పోతారు. ఆరంకెల టూ-స్టెప్ పిన్ తప్పకుండా పెట్టండి.

యూపీఐలో డబ్బులు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు. ఎవరైనా "పిన్ కొడితే డబ్బులొస్తాయి" అంటే అది మోసం. గిరాకీ చూపించే స్క్రీన్‌షాట్ నమ్మకండి, మీ ఫోన్‌లో జమ అయిందో లేదో చూడండి. పొద్దున షట్టర్ తీయగానే క్యూఆర్ కోడ్ మీద ఇంకో స్టిక్కర్ అంటించారేమో గమనించండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పాత కంప్యూటర్ ఉంటే

విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్త విండోస్‌కి పనికిరాని కంప్యూటర్లలో లైనక్స్ మింట్ వేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూశాకే ఇన్‌స్టాల్ చేయొచ్చు. ముందు మీ ప్రింటర్ పనిచేస్తుందో లేదో చూసుకోండి. విండోస్ కోసం చేసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దీంట్లో నేరుగా నడవదు.

ఈ రాత్రే చేయాల్సిన పని

రెండు పెన్‌డ్రైవ్‌లు కొనండి. దుకాణం మూసేముందు ఖాతా ఫైల్ కాపీ చేసి, వెంటనే పెన్‌డ్రైవ్ తీసేయండి. పెట్టే ఉంచితే వైరస్ దాన్ని కూడా తినేస్తుంది. ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో ఉంచి, వారానికోసారి మార్చండి. ఫైల్ పేరులో తేదీ రాయండి. గూగుల్ ఖాతాతో వచ్చే 15 జీబీ ఉచిత స్థలంలో ఇంకో కాపీ పెట్టండి. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

మామూ ఇప్పుడు లెక్కంతా క్యాల్క్‌లోనే రాస్తున్నాడు. రోజూ రాత్రి షట్టర్ వేసి, పెన్‌డ్రైవ్‌ని తాళాల గుత్తికే తగిలించుకుని ఇంటికి వెళ్తాడు.