గోధుమల రాయబారి

ఇప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లా అంటా ఉండారు గానీ, 2007 దాకా మనది కోలారు జిల్లానే కదప్పా. 1965, 66లో వరసగా వానలు ఎగ్గొట్టె. చింతామణి, బాగేపల్లి పక్కన చెరువులు నెర్రెలిచ్చె. అప్పుడే రేషన్ డిపోల్లోకి అమెరికా గోధుమలొచ్చె. సంగటి తినే ఇండ్లలో గోధుమలేం చేసుకుంటారు? మా అవ్వ నూక పట్టించి, బియ్యం బదులు సంగట్లోకి ఏస్తా ఉండె. బళ్లో మాకు కేర్ అనే అమెరికా సంస్థ వాండ్ల పచ్చటి ఉప్పిట్టు, పొడిపాలు. ఉప్పిట్టు బాగుండేదిరా, ఆ పాలే గొంతు దిగేవి కావు.

ఆ గోధుమల కోసం సొంత ప్రెసిడెంటుకే ఎదురు చెప్పినాయన ఒకడుండె. చెస్టర్ బౌల్స్, ఢిల్లీలో అమెరికా రాయబారి. మొదట్లో అడ్వర్టైజ్‌మెంట్ల కంపెనీ పెట్టి దండిగా సంపాదించినాడు, ఆమీట కనెక్టికట్ గవర్నరైనాడు. 1951లో నెహ్రూ కాలాన ఇక్కడికొచ్చె. ఆయన బిడ్డలు సైకిళ్లెక్కి మన పిల్లకాయల బడికే పోతా ఉండ్రి! 1952 జనవరిలో 5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిర్చినాడు. ఆ ఏడు గాంధీ జయంతినాడు మొదలైన సముదాయ అభివృద్ధి పథకానికి ఆ దుడ్డు ఆసరా. గ్రామసేవకులు, బ్లాకాఫీసులు దాంతో వచ్చినవే.

ఆమీట ప్రెసిడెంటైన కెన్నెడీ బౌల్స్‌కు విదేశాంగ శాఖలో రెండో కుర్చీ ఇచ్చి, ఏడాది నిండకనే దించేసె. 1963లో మళ్లీ ఢిల్లీకే పంపిరి. కెన్నెడీ తర్వాత ప్రెసిడెంటైన జాన్సన్ గోధుమలు ఒకేసారి ఇయ్యకుండా నెలకింతని బిగబట్టినాడు. సేద్యం బాగుచేసుకోండని ఒక సాకు, వియత్నాం బాంబులు తప్పని మనం అన్నామని లోపల మంట. బౌల్స్ మాత్రం పంపమని ఉత్తరం మీద ఉత్తరం రాసె. ఈయన ఇండియా పక్షమని వాషింగ్టన్‌లో పేరు పడిపోయె. మొండాయన. 1967 మార్చి 6న స్టాలిన్ కూతురు స్వెత్లానా ఎంబసీ గడప తొక్కితే, పైనుంచి జవాబు కోసం కాచుకోకుండా రాత్రికి రాత్రే రోముకు విమానమెక్కించినాడు.

ఆ గోధుమలు ఉత్తపుణ్యానికి ఇచ్చిరనుకోవద్దు. రూపాయిల్లో లెక్క రాసుకునిరి. కాంగ్రెస్ గడ్డి కూడా ఆ మూటల్లోనే వచ్చిందని మనోళ్లు ఇంకా తిడతారు. బౌల్స్ 1969లో ఊరు చేరి, వణుకుడు రోగంతో శానా ఏండ్లు నలిగి 1986లో పోయినాడు. ఆ రూపాయల బాకీలో పెద్ద పాలు మాఫీ అయింది 1974లో, మొయినిహాన్ రాయబారిగా ఉన్నప్పుడు. ఆయన మన సర్కారు చేతికిచ్చిన చెక్కు 1,664 కోట్లు.