మోటుపల్లి అభయం

మోటుపల్లి ఇవాళ బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు. అక్కడి వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది. చట్టం వ్యాపారాన్ని ఎలా పెంచుతుందో, పెరిగిన వ్యాపారం తిరిగి చట్టాన్ని ఎలా మారుస్తుందో తెలుగునేల మీద చూడాలంటే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

అంతకుముందు ఓడ తుఫానుకు చిక్కి పగిలి, సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అది రాజులపాలే. బంగారమైనా, ఏనుగులైనా, గుర్రాలైనా, రత్నాలైనా బలవంతంగా లాక్కునేవారని శాసనమే దాచకుండా చెబుతుంది. సముద్రం మిగిల్చింది కాస్తా ఏలినవారు పట్టుకుపోతే ఆ రేవు ముఖం మళ్లీ చూసేదెవరు? గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వర్తకుడిదేనన్నాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యో వంతు అని రేటు కట్టాడు. ఆ తర్వాత గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలు, పోకలు అంటూ పేరుపేరునా ఏ సరుకుకి ఎంతో చెక్కించాడు.

శాసనంలో రాజుగారి దయ గురించిన మాటలకన్నా ఈ పట్టికే విలువైనదని నేననుకుంటాను. దయ రేపు ఉండొచ్చు, పోవచ్చు. రేటు రాతిమీదికెక్కితే సుంకరి ఇష్టం వచ్చినంత అడగలేడు. ఓడ ఎక్కకముందే వర్తకుడు తన లాభనష్టాలు లెక్క వేసుకోగలడు.

ఈ భరోసా ఊరికే పుట్టలేదు. కాకతీయుల రాజధాని ఓరుగల్లు సముద్రానికి దూరం. తీరాంధ్రం కాకతీయుల చేతికి చిక్కింది గణపతిదేవుడి కాలంలోనే. సైన్యానికి గుర్రాలు కావాలి, ఖజానాకు సుంకం కావాలి. వర్తకులకు రాజు అవసరం ఎంతో, రాజుకు వర్తకుల అవసరమూ అంతే. గణపతిదేవుడి తర్వాత ఏలిన రుద్రమదేవి నాటి సంగతులు చెప్పిన యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యాన్ని మోటుపల్లి రేవు పేరుతోనే పిలిచాడు. వజ్రాలనూ సన్నని బట్టలనూ మెచ్చుకున్న నోటితోనే రాణి న్యాయపాలననూ మెచ్చుకున్నాడు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. అభయం ఇచ్చిన వంశమే లేకుండాపోయింది. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే ఊళ్లో మళ్లీ శాసనం వేయించాల్సి వచ్చింది. ఈసారి వర్తకులకు ఇంకా ఎక్కువే దక్కింది. వచ్చి స్థిరపడేవారికి భూమి ఇస్తామన్నాడు, వెళ్లిపోతామంటే ఆపమన్నాడు, సరుకు ఎవరికైనా అమ్ముకోనిచ్చాడు. బిడ్డలు లేకుండా చనిపోయినవాడి సొత్తును రాజు తీసుకునే ఆచారాన్నీ వదులుకున్నాడు. సుంకంతో మొదలైన హామీ వారసత్వం దాకా వచ్చిందంటే అడిగేవాళ్లకు బలం పెరిగిందన్నమాట.

తర్వాతి తరాల్లో రెడ్డిరాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టికి కవి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. కావ్యానికి కృతిభర్త అయ్యే స్థాయికి ఎదిగినా, రాజు మాట తప్పితే సెట్టి మొర పెట్టుకోవలసింది ఆ రాజుకే. రాజుకు పైన తీర్పు చెప్పే సభ ఏదీ ఆ రెండు శాసనాల్లోనూ లేదు.