రాత్రిపూట ఆగని దగ్గు.. జలుబు కాకపోవచ్చు
పిల్లల్లో కాలానుగుణ అలర్జీ, ఉబ్బసం గుర్తించడమెలా?

నరసరావుపేట: మార్గశిరం ప్రవేశించిందంటే పల్నాడు పల్లెల్లో తెల్లవారుజామున మంచు, పొలాల్లో పత్తితీతలు, డెల్టా వైపు వరి నూర్పిళ్లు ఒక్కసారే ఊపందుకుంటాయి. చిన్నపిల్లల వైద్యుల వద్ద రద్దీ పెరిగేదీ ఈ రోజుల్లోనే. పగలంతా చక్కగా ఆడుకున్న బిడ్డ అర్ధరాత్రి దాటాక దగ్గుతో లేచి కూర్చుంటున్నాడన్నది తల్లుల నోట తరచూ వినిపించే మాట. ఇంట్లో దానికి జలుబని పేరు. ఊళ్లో మందిచ్చేవారు నెమ్ము అంటారు. ఏటా అదే కాలంలో అదే దగ్గు తిరిగి వస్తున్నట్లయితే ఆ రెండు పేర్లూ పొరపాటే కావచ్చు. అలర్జీ గాని, దానికి తోడుగా నడిచే ఉబ్బసం గాని కారణమేమోనని అనుమానించాలి.

జలుబు వైరస్ వల్ల వస్తుంది. ఒంటి నొప్పులు, కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు. సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. అలర్జీలో జ్వరం ఉండదు. ముక్కు నుంచి నీళ్లవంటి స్రావం, పొద్దున్నే వరుస తుమ్ములు, కళ్లలోనూ ముక్కులోనూ దురద వారాల తరబడి సాగుతాయి. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకోవడం ఈ పిల్లల్లో కనిపించే ముఖ్యమైన గుర్తు. అలా రుద్ది రుద్ది కొందరికి ముక్కుపై అడ్డంగా గీత పడుతుంది. కళ్ల కింద నల్లని ఛాయ, నోరు తెరిచి నిద్రపోవడం కూడా గమనించదగినవే.

ఇదే వ్యవహారం ముక్కును దాటి ఊపిరితిత్తుల గొట్టాల్లో జరిగితే ఉబ్బసం. గొట్టాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపల జిగురు చేరుతుంది. ఇరుకైన దారిలో గాలి బయటకు వచ్చేటప్పుడు వినిపించే ఈల శబ్దాన్నే మనవాళ్లు పిల్లికూతలు అంటారు. పరుగెత్తినా, గట్టిగా నవ్వినా, ఏడ్చినా దగ్గు రావడం, రాత్రి, వేకువజామున ఎక్కువ కావడం దీని స్వభావం. కొందరిలో పిల్లికూతలు వినిపించవు, దగ్గు ఒక్కటే ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఉబ్బసం ఉన్నా, బిడ్డకు పసితనంలో ఎగ్జిమా అనే చర్మపు అలర్జీ వచ్చి ఉన్నా అనుమానం బలపడుతుంది. అయిదారేళ్లు దాటిన పిల్లలకు గొట్టంలోకి ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష ఉంది. అంతకంటే చిన్నవారిలో తల్లి చెప్పే వివరాలే వైద్యునికి ప్రధాన ఆధారం. ఎక్స్‌రే ఒక్కటే చూసి ఉబ్బసాన్ని నిర్ధారించలేరు. కనుక దగ్గు ఏ నెలలో, ఏ వేళలో, ఏం చేసినప్పుడు వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకుని వెళ్లడం ఎంతో మేలు.

గాలిలో ఏముంది?

రంగురంగుల పెద్ద పూలను చూసి భయపడనక్కరలేదు. వాటి పుప్పొడి బరువుగా ఉండి ఎక్కువగా తేనెటీగలు, ఇతర కీటకాల ద్వారానే చేరుతుంది. గడ్డిజాతుల వంటి గాలివాటు మొక్కల సన్నని పుప్పొడితోనే చిక్కు. 1950లలో పుణె ప్రాంతంలో గుర్తించిన వయ్యారిభామ ఈనాడు మన బీళ్లు, రోడ్డు పక్కలు, బడి ఆవరణలు అన్నింటా పాకిపోయింది. వానల తరువాత దట్టంగా పూస్తుంది. పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పెద్దలు పీకివేయాలి. శ్రమదానం పేరిట ఆ పని బడిపిల్లల చేత చేయించడం మాత్రం తగదు.

ఇంట్లో కారకాలు ఏడాది పొడవునా ఉంటాయి. పరుపులు, దిండ్లు, బొంతల్లో పెరిగే కంటికి కనిపించని దుమ్ము పురుగులు, బొద్దింకలు, వానాకాలంలో గోడల చెమ్మకు పట్టే బూజు వీటిలో ముఖ్యమైనవి. పక్కబట్టలను వారానికొకసారి బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఇల్లు పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవాలి. ఆ సమయంలో బిడ్డ ఆ గదిలో లేకుండా చూడాలి.

పొగ, ఘాటు సంగతి వేరు. కల్లాల్లో ఎండే మిరప, కోల్డ్ స్టోరేజీల వద్ద తొడిమలు తీసేచోట లేచే కారపు ధూళి చాలామందికి అలర్జీ కలిగించకపోయినా, అప్పటికే వాచిన గొట్టాలను రేపుతాయి. దోమల చుట్ట, అగరుబత్తి, కట్టెల పొయ్యి, ఇంట్లో పెద్దల బీడీ, దీపావళి టపాసులు, భోగిమంట కూడా అంతే. పత్తితీతకో, తొడిమల పనికో వెళ్లే తల్లి బిడ్డను ఇంట వదిలి వెళ్లే వీలు చాలా ఇళ్లలో ఉండదు. కనీసం గాలి వీచే దిశకు ఎదురుగా, ధూళికి దూరంగా కూర్చోబెట్టడం సాధ్యమే.

పెరుగు, అరటిపండు, జామకాయ మాన్పించడం మన ఇళ్లలో ముందుగా జరిగే పని. ఆహారం వల్ల ఉబ్బసం రేగేది కొద్దిమంది పిల్లల్లోనే. ఫలానాది తిన్న ప్రతిసారీ ఇబ్బంది కలుగుతున్నదని తేలితే తప్ప ఎదిగే పిల్లల కంచంలో కోత పెట్టరాదు.

భయమంతా ఇన్‌హేలర్ మీదనే

వైద్యుడు ఇన్‌హేలర్ రాయగానే ఇంట్లో పెద్దలు అడ్డుపడతారు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అలవాటు పడిపోతారని వారి భయం. ఈ విలేకరి ఇంట్లోనూ అదే జరిగింది. రెండు చలికాలాలు కొడుక్కి నెమ్ము అనుకుంటూ సూదిమందులు వేయించి, మూడో ఏడు గాని అసలు జబ్బు పేరు తెలుసుకోలేకపోయాం.

లెక్క చూస్తే భయం తలకిందులవుతుంది. సాల్‌బుటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అదే మందు ఇన్‌హేలర్ ఒక్క పీల్పులో 100 మైక్రోగ్రాములు, అంటే సిరప్‌లో ఉన్నదానిలో ఇరవయ్యో వంతు. సిరప్ కడుపులోకి, రక్తంలోకి వెళ్లి ఒళ్లంతా తిరిగి రావాలి. అందుకే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇన్‌హేలర్ మందు నేరుగా గొట్టాల్లోకే చేరుతుంది. స్టెరాయిడ్ విషయంలోనూ అంతే. ఆయాసానికి వేసే డెక్సామెథసోన్ సూదిలో ఒక మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు ఉంటాయి. ఇన్‌హేలర్ స్టెరాయిడ్ పిల్లలకు సాధారణంగా రోజుకు కొన్ని వందల మైక్రోగ్రాములకు మించదు. రెండూ ఒకే మందు కావు, కనుక సరిగ్గా తూచలేం గాని, ఏది ఒళ్లంతా పాకుతుందో, ఏది గొట్టాల దగ్గరే పని చేస్తుందో అర్థం చేసుకోవచ్చు. దీర్ఘకాలం వాడిన పిల్లల్లో ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చునని పరిశోధనల్లో తేలిన మాట నిజం. అదుపులో లేని ఉబ్బసం కూడా ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. మందు పీల్చిన తరువాత నోరు పుక్కిలించడం మరవరాదు.

ఇన్‌హేలర్లు రెండు రకాలని గుర్తుంచుకోవాలి. బిగుసుకున్న కండరాలను నిమిషాల్లో సడలించేది ఉపశమన మందు. లోపలి వాపును నెమ్మదిగా తగ్గించేది నివారణ మందు. ఇది రోజూ వాడాలి. దగ్గు ఆగిందని సంక్రాంతికల్లా నివారణ మందు మానేయడం, మంచు పడగానే మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తడం ఏటా చూస్తున్న తంతు. ఎప్పుడు తగ్గించాలో వైద్యుడే నిర్ణయించాలి. ఏది ఉపశమనానికో, ఏది నివారణకో మందుల దుకాణంలోనే అడిగి డబ్బా మీద తెలుగులో రాయించుకోవడం మంచిది.

చిన్నపిల్లలు నేరుగా ఇన్‌హేలర్ పీల్చలేరు. స్పేసర్ అనే గొట్టం, పసివారికైతే దానికి తగిలించే మాస్కు అవసరం. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, ఒక్కసారే నొక్కి, బిడ్డ అయిదు నుంచి పదిసార్లు మామూలుగా ఊపిరి తీసుకునేంతవరకు ఉంచాలి. రెండోసారి కావలసివస్తే మళ్లీ కుదిపి నొక్కాలి. కొనే స్తోమత లేనప్పుడు 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి పట్టేలా రంధ్రం చేసి, సందులు మూసి వాడినా కొన్న స్పేసర్‌తో సమానంగా పని చేసిందని దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో జరిపి 1999లో ప్రచురించిన పరిశోధన చూపింది. తయారుచేసే పద్ధతిని మాత్రం వైద్యుని వద్ద చూసి నేర్చుకోవాలి.

దగ్గు సిరప్‌లు ఉబ్బసానికి మందు కావు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి చిన్నారులు మరణించిన తరువాత, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ల లోపువారికి సాధారణంగా సిఫారసు చేయరాదని కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది.

మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో పంపిణీ చేసే చేప ప్రసాదం కోసం వెళ్లేవారూ ఉన్నారు. అది విశ్వాసానికి సంబంధించిన విషయం. ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా నిరూపితం కాలేదు. వెళ్లినా వాడుతున్న మందు మానరాదు. ఆయాసంతో ఉన్న పసివారిని ఆ రద్దీలోకి తీసుకువెళ్లడం, బతికున్న చేపపిల్లను మింగించడం ప్రమాదకరం.

ఈ గుర్తులు కనబడితే ఆగవద్దు

ఊపిరి తీసినప్పుడు డొక్కలు ఎగరవేయడం, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోవడం, పసిబిడ్డ పాలు తాగలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మగతగా ఉండటం ప్రాణాపాయ సూచనలు. నిదానంగా ఉన్న బిడ్డ శ్వాసను నిండు నిమిషం లెక్కించినప్పుడు ఏడాదిలోపు (రెండు నెలలు దాటిన) పిల్లల్లో 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపువారిలో 40 లేదా అంతకు మించితే వెంటనే వైద్యునికి చూపాలి. ఎక్కువమంది పొరబడేది పిల్లికూతల దగ్గర. ఆయాసం తగ్గకుండానే కూతలు ఆగిపోయాయంటే జబ్బు తగ్గినట్టు కాదు, గొట్టాల్లో గాలి ఆడటం లేదని అర్థం.

ఆ స్థితిలో బిడ్డను పడుకోబెట్టరాదు. నిటారుగా కూర్చోబెట్టి, వైద్యుడు ముందే రాసిచ్చిన మోతాదులో ఉపశమన మందును స్పేసర్ ద్వారా ఇస్తూ 108కి ఫోన్ చేయాలి. వాహనం వచ్చేవరకు, ఎక్కిన తరువాత కూడా ఇన్‌హేలర్, స్పేసర్ చేతిలోనే ఉండాలి. బడికి వెళ్లే పిల్లల సంచిలోనూ ఒకటి ఉంచి, ఎలా వాడాలో తరగతి ఉపాధ్యాయునికి ఒకసారి చూపించి రావాలి. అదుపులో ఉంటే కబడ్డీ ఆడటానికీ, పరుగు పందెంలో పాల్గొనడానికీ అడ్డు లేదన్న సంగతి కూడా అప్పుడే చెప్పి రావచ్చు.