తండ్రి వ్రాత - సంతానం బాధ్యత

మన ఇండ్లలో పాత ఇనుప పెట్టెలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నవి. వాటి అడుగున మర్హూం అబ్బాజాన్‌దో, దాదా హజ్రత్‌దో ఒక బయాజ్ ఉంటుంది. అందులో ఇంటి లెక్కలు, పిల్లలు పుట్టిన తేదీలు, నచ్చిన షేర్లు, వాటి మధ్యన 1948 నాటి సంగతులు నాలుగు ముక్కలు వ్రాసి ఉంటవి. ఆ నాలుగు ముక్కలను గూర్చియే ఈ వ్యాసం.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మరునాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎడ్రూస్, జనరల్ చౌదరికి లొంగిపోయారు. దీనికి పోలీసు చర్య అని పేరు వచ్చినా నడిచింది యుద్ధమే. ఆ ఐదు రోజులకు ముందేమి జరిగింది, తరువాత ఏమి జరిగింది అన్నది చాలా కాలం వరకు పెద్దవారి పుస్తకాలలోనే దొరికేది. భారత ప్రభుత్వ ప్రతినిధి మున్షీ గారు 1957లో తమ వైపు కథ వ్రాసినారు. నిజాం ప్రధాని లాయఖ్ అలీ గారు 1962లో తమ వైపు కథ చెప్పుకున్నారు. జిల్లాలలో ఉద్యోగాలు చేసినవారు, జైళ్లకు పోయినవారు ఏం చూసినారో అచ్చులోకి రావడం అరుదు.

ఆ లోటు కొంత తీర్చిన పుస్తకం ఒకటి 2012లో ఢిల్లీలో వెలువడింది. పేరు 'అక్టోబర్ కూ'. వ్రాసినవారు ముహమ్మద్ హైదర్ గారు. 1948లో ఆయన ఉస్మానాబాద్ జిల్లా కలెక్టరు. అది నేడు మహారాష్ట్రలోని ధారాశివ్. బొంబాయి రాష్ట్రపు సరిహద్దు జిల్లా గనుక అవతలి వైపు శిబిరాల నుండి దాడులు, ఇవతల రజాకార్ల ఆగడాలు, నడుమన కలెక్టరు! పోలీసు చర్య తరువాత ఆయన అరెస్టయి జైలు పాలయినారు. ఆయన వ్రాసుకున్నది ఆయన జీవించి ఉండగా పుస్తకం కాలేదు. చివరకు కుమారుని చొరవతో, సంఘటనలు జరిగిన 64 ఏండ్లకు లోకం చదివింది.

పుస్తకం పేరులోనే తండ్రి అభిప్రాయం ఉన్నది. 1947 అక్టోబరు 27న యథాతథ ఒడంబడిక కోసం నిజాం ప్రతినిధులు ఢిల్లీకి బయలుదేరవలసి ఉండగా, తెల్లవారకముందే గుంపులు వారి ఇండ్లను చుట్టుముట్టి కదలనివ్వలేదు. ఛత్తారీ నవాబు ప్రధాని పదవి వదిలినారు, పగ్గాలు రజాకార్ల ఇష్టులకు పోయినవి. మరి సాధించింది ఏమిటి? నవంబరు 29న సంతకమైంది దాదాపు అదే ఒడంబడిక కదా! తనవారు చేసిన దానిని తిరుగుబాటు అని పిలవడానికి తండ్రికి ధైర్యం ఉండెను. ఆ మాట మెత్తబరచకుండా అచ్చు వేయడం సంతానం ధర్మం. ఎల్ ఎడ్రూస్ గారి జ్ఞాపకాలు కూడా ఆయన పోయిన చాలా కాలానికి, 1994లో అచ్చయినవి.

ఇంటి వ్రాతలకు ఇంత విలువ ఎందుకంటే, సర్కారు కాగితాలు మన కోసం తొందరపడవు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారు 1948 చివర జిల్లాలు తిరిగి, పోలీసు చర్య సమయంలోను తరువాతను 27 వేల నుండి 40 వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేసినారు. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో. ఆ నివేదికను ప్రభుత్వం ప్రకటించలేదు. పూర్తి పాఠం నూరానీ గారి పుస్తకంలో 2013లో అచ్చయింది. అన్ని ఏండ్లూ ఆ దుఃఖానికి సాక్ష్యం ఇండ్లలోని నోటిమాట, చేతివ్రాతలే.

అయితే ఒకటి మరువరాదు. సాక్ష్యం ఒక్క వైపుది ఉంటే చాలదు. మన పరకాలలో 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా పట్టినవారిపై కాల్పులు జరిగినవి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి గ్రామాన్ని రజాకార్లు, పోలీసులు రక్తసిక్తం చేసినారు. అదే నెలలో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదులో రజాకార్లు చంపినారు. ఆయన మన వరంగల్ జిల్లాలో పుట్టిన బిడ్డే. మీ ఇంటి బయాజ్‌లో వీటి ప్రస్తావన ఉంటే, సిగ్గుపడి ఆ పేజీ తీసివేయకండి. చేదు పేజీ ఉంటేనే తక్కిన పేజీలను కూడా నలుగురూ నమ్ముతారు.

ఇక పని ఎట్లా చేయాలి? మొదలు ప్రతి పేజీని వెలుతురులో ఫొటో తీయండి. పాత కాగితానికి లామినేషన్ చేయించకండి, దానితో కాగితం పాడవుతుంది. ఆ కాలపువారు షికస్తా వ్రాసేవారు, చుక్కలు సరిగా పెట్టరు. బే, పే, తే అక్షరాలకు తేడా చుక్కలలోనే ఉన్నది గదా! ఉర్దూలో హ్రస్వాచ్చులు కూడా వ్రాయరు గనుక పరకాలను ఊరు తెలియనివారు 'పుర్కాల్' అని చదవగలరు. అందుచేత ఊర్ల పేర్లు తెలిసిన స్థానికుని పక్కన కూర్చోబెట్టుకొని చదవాలి. తేదీలు ఫసలీలో ఉంటవి. 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1357 అంటే 1947 అక్టోబరు నుండి 1948 అక్టోబరు వరకు. ఆబాన్ నెల అని ఉంటే అది దరిదాపు సెప్టెంబరు.

వ్రాసింది వ్రాసినట్టే ఎత్తి వ్రాయండి, భాష దిద్దకండి. మీకు తెలిసిన వివరం విడిగా వేయండి, తండ్రి మాటలో కలపకండి. ఎవరి మీదనైనా నేరం మోపి ఉంటే, అచ్చు వేసే ముందు మరొక ఆధారంతో సరిచూడండి. వారికీ బిడ్డలు ఉంటారు. తరువాత తెలుగు అనువాదం కలిపి వేస్తే మన పిల్లలూ చదువుతారు, పక్కింటి హిందూ సోదరులూ చదువుతారు. ఒక ప్రతి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఇవ్వజూపండి.

నేను ఉర్దూ మీడియంలో చదువు చెప్పేవాడిని. షికస్తా చదవగలిగిన పెద్దలు ఏటేటా తగ్గిపోవుట కండ్లార చూస్తున్నాను. మన పిల్లలు అత్యధికులు ఇంగ్లీషు, తెలుగు మీడియాలలో ఉన్నారు, దాదా వ్రాత వారికి బొమ్మలవలె కనబడుతుంది. గనుక సభ్యులందరికీ నా మనవి: ఈ సంవత్సరం పెట్టె తెరవండి. బయాజ్ ఉన్నవారు సంఘానికి చెప్పండి, చదవగలవారు ఒక గంట సమయం ఇవ్వండి. మన పెద్దలను అల్లాహ్ మగ్‌ఫిరత్ చేయుగాక, వారి మాటను కాపాడే తౌఫీఖ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.