నిప్పుకు దొరకని జోన్

1981. ఓస్లో దగ్గర డికెమార్క్ మానసిక చికిత్సాలయం. ఓ మూలగది ఖాళీ చేస్తున్న ఉద్యోగికి పాత ఫిల్ము డబ్బాలు కనిపించాయి. అవి నార్వే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరాయి. అక్కడ కూడా మూడేళ్లపాటు ఎవరూ మూత తీయలేదు. తీసి చూసినవాళ్లు నిర్ఘాంతపోయి ఉంటారు. అది 'ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్'. డెన్మార్క్ దర్శకుడు కార్ల్ డ్రయర్ 1928లో తీసిన సినిమా, ఏ కత్తిరింపూ పడకముందు ఎలా ఉందో అలాగే!

దేవుడి మాట విన్నానన్నందుకు 1431లో మతద్రోహి ముద్రవేసి కాల్చేసిన పిల్ల జోన్. 1920లో చర్చే ఆమెను సెయింట్‌గా ప్రకటించింది. డ్రయర్ సినిమా అంతా ఆమె మీద జరిగిన విచారణే. పారిస్‌లో చర్చి, సెన్సారు కలిసి దానికి కోత పెట్టాయి. 1928 డిసెంబరులో బెర్లిన్‌లోని ఊఫా ల్యాబ్‌లో మంటలు లేచి అసలు నెగెటివ్ బూడిదైంది. డ్రయర్ కుంగిపోలేదు. వాడకుండా పక్కన పెట్టిన షాట్లు ఏరి, సినిమాను మళ్లీ కూర్చాడు. 1929లో అదీ తగలబడింది. నైట్రేట్ ఫిల్ము అంటుకుందంటే నీళ్లలో ముంచినా ఆరదు. తన సినిమా ఓ ఆస్పత్రి గదిలో భద్రంగా ఉందని తెలియకుండానే 1968లో ఆయన కన్నుమూశాడు.

ఇక అసలు పరీక్ష కంప్యూటరు ముందు. 2015లో ఫ్రాన్స్‌లోని గోమాఁ సంస్థ ఈ సినిమాను 2కె స్థాయిలో పునరుద్ధరించింది. ఇలాంటి పనిలో గీతలు, దుమ్ము చుక్కలు తుడవాలి. కానీ డ్రయర్ నటుల ముఖాలకు మేకప్ వేయనివ్వలేదు. తెర నిండా ముఖాలే. న్యాయమూర్తి బుగ్గ మీద పులిపిరి, నుదుటి ముడతలు, జోన్‌గా నటించిన ఫాల్కనెట్టి ఎండిన పెదవులు. ఆమె జుట్టు నిజంగానే కత్తిరించేశారు. కత్తెర ఆడుతుంటే కన్నీళ్లు జారుతాయి. యంత్రం కాస్త ఎక్కువ నునుపు చేసిందా, ఆ చర్మం మైనపు బొమ్మదైపోతుంది. ఈ సినిమాలో చర్మమే కథ. ఫిల్ము మీది సన్నని రేణువును, మిగిలిపోయిన ఒకటి రెండు గీతలను నేను సంతోషంగా భరిస్తాను. పులిపిరి పోతే మాత్రం భరించలేను.

2012లో బ్రిటన్‌లో మాస్టర్స్ ఆఫ్ సినిమా, 2018లో అమెరికాలో క్రైటీరియన్ లేబుళ్లు ఈ సినిమాకు బ్లూరేలు తెచ్చాయి. రెండింటిలోనూ సెకనుకు 20 ఫ్రేములు, 24 ఫ్రేముల వేగాలున్నాయి. క్రైటీరియన్ డిస్క్‌లో మొదటిది 97 నిమిషాలు, రెండోది 81. ఇంట్లో చూసేవాళ్లు మొదటిదే పెట్టుకోండి. ప్రశ్న పడ్డాక జవాబు వచ్చేలోపు జోన్ కళ్లలో ఏం జరుగుతుందో ఆ వేగంలోనే తెలుస్తుంది.